బటన్ల కింది లైటు

ఫోన్ బటన్ల కింద లైటు ఎందుకని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అట్లా అడిగేవాళ్లెవరూ చీకట్లో ఫోన్ పట్టుకున్నవాళ్లు కారు. నేను పనిచేసిన ప్రైవేటు బడిలో ఒక లెక్కల సారు ఉండేవాడు. జ్యోతినగర్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. వాళ్ల నాన్న కరెంటు తయారుచేసే ప్లాంటులో ఇంజనీరు కాబట్టి వాళ్లది ప్లాంటు క్వార్టర్, ఆ ఇంటికి కరెంటు పోవడమంటే ఏమిటో తెలియదు. ఆ సారు ఒకరోజు స్టాఫ్ రూములో కాలు మీద కాలేసుకుని, "బటన్ల కింద లైటు ఉత్త షోకు టీచర్. ఛార్జింగ్ తినడానికి తప్ప ఎందుకూ పనికిరాదు" అన్నాడు. నేను ఆ మాట నమ్మాను. ఆ సారు మీద నాకు ఇప్పటికీ కోపమే. నమ్మిన దాన్ని కాబట్టి నా మీద ఇంకా ఎక్కువ కోపం.

ఇంకో రకం తెలివిమంతులుంటారు. టార్చ్ ఉన్న ఫోన్ కొనుక్కుంటే సరిపోయేది కదా అంటారు. టార్చ్ వెలుగు ముందుకు పడుతుంది, బటన్లు మన వైపు ఉంటాయి. టార్చ్ వేస్తే ఎదురుగోడ మీది బల్లి కనబడుతుంది గానీ, చేతిలో ఉన్న ఫోన్‌లో ఏది ఎనిమిదో ఏది తొమ్మిదో కనబడదు. అప్పుడు టార్చ్ కోసం ఇంకో ఫోన్ కావాలి. ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వనీ.

మా ఇల్లు గోదావరిఖని దాటి కమాన్‌పూర్ పోయే తోవలో ఉండేది. అంతకుముందు మేం గోదావరిఖనిలోనే కంపెనీ క్వార్టర్‌లో ఉన్నాం. అది మా మామ పేరు మీద ఉన్న క్వార్టర్. మామ ముప్పై రెండేళ్లు భూగర్భ గనిలో బొగ్గు ఎత్తి రిటైరయ్యాడు. రిటైరైనవాడు క్వార్టర్ ఖాళీ చేయాలి. మా ఆయనకు గనిలో నౌకరీ ఉన్నా క్వార్టర్ వంతు ఇంకా రాలేదు. అందుకని రెండు గదులు కట్టి, పైన రేకులు వేసి, నలుగురం అక్కడికి మారాం: మామ, అత్త, మా ఆయన, నేను.

క్వార్టర్‌లో ఉన్నంతకాలం కరెంటు గురించి మేం ఆలోచించలేదు. కొత్తింటికి వచ్చాకనే తెలిసింది చీకటి అంటే ఏమిటో. పక్కనే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. మధ్యాహ్నం అక్కడ బ్లాస్టింగ్ అయితే మా అల్మారాలో గ్లాసులు గలగలమనేవి, గోడ పగుళ్లు ఒక వేలు పొడుగు పెరిగేవి. తెల్లారేసరికి వాకిట్లో నల్ల దుమ్ము. ఆ బొగ్గు వ్యాగన్లలో పోయి, ప్లాంటులో మండి, కరెంటై ఎక్కడెక్కడికో పోయేది. ఇంటి వెనక మట్టిదిబ్బ ఎక్కి చూస్తే ప్లాంటు దీపాలు బారులు తీరి కనబడేవి. మా ఇంట్లో మాత్రం సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు ఎనిమిదికి వచ్చేది, ఒక్కోసారి తొమ్మిదికి. దీపం కింద చీకటి అని సామెత చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. ఒకసారి లైన్‌మన్‌ను తోవలో ఆపి అడిగాను.

"నన్నేం జెయ్యమంటవక్కా? పైనుంచి బంద్ జేస్తరు" అన్నాడు.

"పైన ఎవలు?"

"ఏమో, నాకేం ఎరుక" అని సైకిలెక్కాడు. పైన ఎవరున్నారో ఆయనకే తెలియనప్పుడు నేను ఎవరిమీద అరవాలి?

మా ఇంట్లో ఫోన్ ఒక్కటే. అది మా ఆయనది. కానీ గని దిగేటప్పుడు ఫోన్ తీసుకుపోనివ్వరు. భూమి లోపల గాలిలో గ్యాస్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గని మోకాడ, లోపలికి దిగే చోట, జేబులు తడిమి చూసి, బీడీ, అగ్గిపెట్టె, ఫోన్ ఏది ఉన్నా పక్కన పెట్టిస్తారు. అక్కడ పెడితే పోతుందని మా ఆయన ఇంట్లోనే వదిలి వెళ్లేవాడు. ఆయన డ్యూటీలో ఉన్న ఎనిమిది గంటలూ ఫోన్ మాది. మా బస్తీలో ఆడవాళ్లందరికీ ఇట్లాంటి షిఫ్టు ఫోన్లే ఉండేవి. మొదటి షిఫ్టువాని పెళ్లాం పొద్దున మాట్లాడేది, రెండో షిఫ్టువాని పెళ్లాం సాయంత్రం మాట్లాడేది. మా అమ్మ నాకు ఫోన్ చేయాలంటే అల్లుడిది ఈ వారం ఏ షిఫ్టో ముందు కనుక్కునేది.

ఆ ఫోన్ పెద్ద గొప్పదేం కాదు. కెమెరా లేదు, టార్చ్ లేదు. కానీ ఏ బటన్ నొక్కినా కింద నుంచి నీలం రంగు వెలుగు వచ్చేది, ప్రతి అంకె ఇంతింత మెరిసేది. కరెంటు లేనప్పుడు ఆ కాస్త వెలుగుతో నేను ఎన్ని పనులు చేశానో నాకే లెక్కలేదు. అత్త షుగరు మాత్రలేవో బీపీ మాత్రలేవో చూశాను. తాళం కప్పలో చెవి పెట్టాను. ఒక వానాకాలం బియ్యం డబ్బా వెనక తేలును కూడా ఆ వెలుగులోనే చూశాను. ఫోన్ చేయడం సంగతి చెప్పనే అక్కరలేదు. ఇది షోకట.

ఆ లైటు అంటే అందరికంటే మామకు ఎక్కువ ఇష్టం. మొదటిసారి చూసినప్పుడు ఫోన్‌ను అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇది మంచిగున్నది బిడ్డా. పనిముట్టే ఎలుగుతాంది" అన్నాడు. ఆయన జన్మంతా తలకు లైటు కట్టుకుని పనిచేసినవాడు. చేతిలోని వస్తువు తనంత తానే వెలగడం ఆయనకు వింత. మామకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. గనిలో ఎవరి లైటుకు వాళ్ల నంబరు ఉంటుంది, ఆ నంబరు చూసి తీసుకోవాలి, పెట్టాలి, కాబట్టి అంకెలు పట్టుబడ్డాయి. ఫోన్‌లో పేర్లు రాసి పెడితే ఆయనకు పనికిరాదు. అందుకని మా ఇంటికి ఫర్లాంగు దూరంలో రోడ్డు మీద ఉండే ఆటో అన్న నంబరు పది అంకెలూ కంఠతా పట్టాడు. అత్తకు ఎప్పుడైనా పాణం బాగాలేకపోతే ఆ ఆటోనే పిలవాలి. వెలుగులో ఒక్కో అంకెను చూసి, చూపుడువేలితో గట్టిగా, మేకు దిగగొట్టినట్టు నొక్కేవాడు. ఐదు అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది మామా, చూడకుండానే తెలుస్తుంది అని నేర్పబోయాను. ఆయన వేలు పెట్టి చూసి నవ్వాడు. తట్టలు ఎత్తి ఎత్తి ఆయన వేళ్ల కొసలు కాయలు కాశాయి. ఆ బొడిపె ఆయనకు తగలలేదు.

మామకు ఇంకో రెండు అలవాట్లున్నాయి. అవి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒకటి, ఆయన జేబులో అగ్గిపెట్టె ఉండదు. గని మోకాడ తడిమించుకునేవాడికి అగ్గిపెట్టె అలవాటు కాదు. తంబాకు నమిలేవాడు గానీ బీడీ ముట్టలేదు. రెండోది, లైటు పోతే కదలడు. గనిలో తలకున్న లైటు ఆరిపోతే ఎక్కడివాడు అక్కడే గోడకు ఆనుకుని కూర్చోవాలి. ఒక్క అడుగు తప్పు పడితే ప్రాణం పోతుంది. కూర్చుంటే మాత్రం ఎవరో ఒకరు తప్పక వస్తారు. షిఫ్టు అయ్యాక ఆ నంబరు లైటు తిరిగి రాలేదంటే పైన వాళ్లకు తెలుస్తుంది, వెతుక్కుంటూ దిగుతారు. ముప్పై రెండేళ్లు ఒంట్లో ఇంకిన ఆ పాఠం ఇంట్లో కూడా పోలేదు. కరెంటు పోగానే గడప దగ్గరైతే గడప దగ్గర, వాకిట్లో అయితే వాకిట్లో కూలబడేవాడు. అత్త నవ్వేది. "కరెంటు పోతే దేవుని లెక్క కూసుంటడు. ఒక కొబ్బరికాయ కొట్టుండ్రి" అనేది. మేమూ నవ్వేవాళ్లం.

ఆ వానాకాలం కోతలు మరీ ఎక్కువైపోయాయి. పొద్దున పోయేది, మధ్యాహ్నం పోయేది, సాయంత్రం సరేసరి. ఫోన్ ఛార్జింగ్ పెట్టే తీరిక కరెంటే మాకు ఇవ్వలేదు. సగం మాట్లాడుతుండగా ఆరిపోయేది. లెక్కల సారు మాట నా చెవిలో ఉండనే ఉంది. ఒక ఆదివారం కూర్చుని, ఫోన్‌లో అన్నీ వెతికి, లైటు ఆపే చోటు పట్టుకున్నాను. ఆపేశాను. బటన్ల కింది వెలుగుతో పాటు పైన అద్దం వెలుగు కూడా పోయింది. పగటిపూట ఎండలోకి తిప్పి చూస్తే అంకెలు కనబడుతూనే ఉన్నాయి. ఛార్జింగ్ నిజంగానే ఒక పూట ఎక్కువ ఆగింది. నా అంత తెలివిగలది లేదనుకున్నాను.

మర్నాడు మామ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "బిడ్డా, దీంట్ల లైటు అస్తలేదు" అన్నాడు.

"నేనే బంద్ పెట్టిన మామా. ఛార్జింగ్ ఆగుతది" అన్నాను.

ఫోన్‌ను ఇంకోసారి తిప్పి చూశాడు. "మరి సీకట్ల?" అన్నాడు.

"చీకట్ల నేనుంట కదా" అన్నాను. అది నేనన్న మాటే. ఇంకెవరి మీదికీ తోయడానికి లేదు.

ఆ మాట అన్న వారానికే నేను చీకట్లో ఇంట్లో లేకుండా పోయాను. మా ఆయనది రెండో షిఫ్టు, మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. నాకు బడిలో పరీక్ష పేపర్లు దిద్దే పని పడి ఆలస్యమైంది. బయటికొచ్చేసరికి వాన. గోదావరిఖని బస్టాండు దగ్గర ఒక దుకాణం రేకు కింద నిలబడ్డాను. ఆరున్నరకే చీకటి పడిపోయింది. ఆటోలు లేవు, బస్సు లేదు. దుకాణంలో రూపాయి వేసి మాట్లాడే డబ్బా ఫోన్ ఉంటే, ఇంట్లో వాళ్లు ఫికర్ చేస్తారని ఇంటికి చేశాను. మోగింది. మోగి మోగి టక్కున కట్ అయింది. మళ్లీ చేశాను. మళ్లీ కట్ చేశారు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వానలో తడుస్తూ రూపాయి మీద రూపాయి వేసి నేను చేస్తుంటే, ఈ ముసలాయన ఎత్తకుండా కోసేస్తాడా అనుకున్నాను. పొద్దున తంబాకు గురించి ఒక మాట అన్నాను, దానికి అలిగాడేమో అనుకున్నాను. అలిగితే అలగనీ అనుకుని, పక్క బండి మీద మిర్చిబజ్జీలు కట్టించుకుని, వాన తగ్గేదాకా నిలబడి తిన్నాను. ఆ బజ్జీల రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. అంత వేడివేడిగా, అంత బాగున్నాయి.

ఎనిమిది దాటాక ఇల్లు చేరాను. బస్తీ అంతా చీకటి. వానకు అందరూ తలుపులేసుకుని లోపలున్నారు. రేకుల మీద చినుకుల మోతకు పక్కవాడి మాట కూడా వినబడదు. మా తలుపు దగ్గరికేసి ఉంది. తోసి లోపలికి అడుగుపెడితే మామ గొంతు వినిపించింది. అంకెలు చదువుతున్నాడు. "తొమ్మిది, నాలుగు, నాలుగు..." అంటూ మెల్లగా, ఒక్కో అంకె దగ్గర ఆగి ఆగి.

"మామా, ఏమైంది?" అన్నాను.

"అచ్చినవా బిడ్డా" అన్నాడు. "అత్త పడ్డది."

తడుముకుంటూ వంటింట్లోకి పోయి అగ్గిపెట్టె తీసి కొవ్వొత్తి వెలిగించాను. మామ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అత్త తల ఆయన ఒడిలో ఉంది. నోరు ఒక పక్కకు గుంజుకుపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, నన్ను చూస్తున్నాయి. మామ పక్కన ఒక సత్తు చెంబు సొట్టలు పడి ఉంది. దాన్ని గోడకేసి కొట్టాడట. గనిలో చిక్కుకున్నవాళ్లు అట్లాగే కొడతారు. విన్నవాళ్లు తిరిగి కొడతారు, అప్పుడు వస్తున్నారని తెలుస్తుంది. ఆ వానలో ఎవరూ తిరిగి కొట్టలేదు. చెంబు పక్కన పెట్టి ఫోన్ పట్టుకున్నాడు. కుడిచేతిలో ఫోన్ ఉంది. తలకిందులుగా ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఎడమ పక్క నొక్కితే ఫోన్ ఎత్తినట్టు, కుడి పక్క నొక్కితే కోసినట్టు. ఫోన్ తలకిందులైతే ఎడమ కుడి అవుతుంది. వెలుగుంటే ఎత్తే పచ్చ బటన్ కనబడేది. నేను రూపాయి వేసి పిలిచిన రెండుసార్లూ, ఆయన నాకు చెప్పాలని ఆత్రంగా నొక్కి, తన చేత్తోనే నన్ను కోసేశాడు.

ఆటో అన్న ఇంటికి పరుగెత్తాను. మామ, నేను, ఆటో అన్న కలిసి అత్తను ఎత్తి ఆటోలో పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఆమె చేయి ఎత్తి వదిలాడు, కాలు ఎత్తి వదిలాడు, రెండూ దబ్బున పడ్డాయి. "ఎప్పుడు పడిపోయింది?" అని అడిగాడు.

"కరెంటు పోయినంక జరసేపటికి" అన్నాడు మామ.

"ఎన్ని గంటలకు?"

"ఆరు దాటింది సార్."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. మామను ఏమీ అనలేదు. నన్ను పక్కకు పిలిచి, "రెండు గంటలు పైనే అయింది. ముందే తెచ్చుంటే చెయ్యి, మాట కొంత దక్కేవి" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అరిచినా బాగుండేదనిపించింది.

రాత్రి డ్యూటీ దిగి మా ఆయన వచ్చాడు. తెల్లారి రైలుకు బెల్లంపల్లి నుంచి అత్త తమ్ముడు వచ్చాడు. ఆయనకు అక్కడ కిరాణా దుకాణం. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. తల్లి పోయాక ఆయనను పెంచింది అక్కే. వార్డులోకి రాగానే అక్కను చూసి ఏడ్చాడు. ఏడుపు ఆపుకుని మామ వైపు తిరిగాడు.

"బావా, ఫోన్ చేతుల వట్టుకొని రొండు గంటలు కూసున్నవా? పది అంకెలు కొట్టరాలేదా నీకు?"

వార్డులో అందరూ చూస్తున్నారు. మా ఆయన కూడా తండ్రి వైపే చూస్తున్నాడు. అదే ప్రశ్న ఆయన కళ్లలోనూ ఉంది. మామ ఒకే ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత తల వంచుకుని, "నంబరు యాదికి రాలే బామ్మర్ది. ముసలోన్నైపోయిన" అన్నాడు.

అది అబద్ధమని ఆ వార్డులో నాకొక్కదానికే తెలుసు. నిద్రలో లేపి అడిగినా ఆ నంబరు చెప్పగల మనిషి ఆయన. చీకట్లో ఆ నంబరే జపం చేస్తూ కూర్చున్న మనిషి. కోడలు లైటు ఆపేసింది అని ఒక్క మాట అంటే చాలు, ఆయన మీది రాయి నా మీద పడేది. అనలేదు. నేనైనా అనాలి కదా. నోరు తెరిచాను. మా ఆయన ముఖం చూసి మూసుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఫోన్ నా దగ్గరే ఉంది. వరండాలోకి పోయి చూశాను. ఆయన నొక్కిన నంబర్లన్నీ అందులో ఉన్నాయి. ఒకటి ఆరంకెలది. ఒకటి తొమ్మిది అంకెలది. ఒకటి పద్నాలుగు అంకెలది. చీకట్లో ఫోన్ ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో, అంకెలు అటువి ఇటు, ఇటువి అటు. ఎన్నిసార్లు ప్రయత్నించాడో వరసగా కనబడుతోంది. ఇవి చూస్తే ఎవరైనా అడుగుతారు, నంబరు మరిచినవాడు ఇన్నిసార్లు ఎట్లా నొక్కాడని. అన్నీ చెరిపేశాను. తర్వాత లైటు మళ్లీ పెట్టాను. బటన్లు నీలంగా వెలిగాయి. ఎంత సిగ్గులేని పనో అప్పుడే తెలుసు నాకు. తెలిసే చేశాను.

అప్పటి నుంచి మామకు చుట్టాల్లో ఒక పేరు పడిపోయింది, నంబరు మరిచినోడని. పెళ్లికి పోతే ఎవరో ఒకరు, "మామా, ఇంటి నంబరు యాదికున్నదా, రాసియ్యాల్నా?" అనేవారు. సరసమే. ఆయన నవ్వేసేవాడు. నవ్వేవాళ్ల మీద నాకు పిచ్చికోపం వచ్చేది. ఒకసారి ఒక మరదలు పిల్లను నలుగురిలో కడిగిపారేశాను, పెద్దమనిషితో పరాచికాలేందని. మామ అంటే కోడలికి ఎంత గౌరవమో అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను నేను.

అత్త కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. ఆమెకు స్నానం నేను చేయించేదాన్ని, అన్నం మామ తినిపించేవాడు. దవాఖానలో కసరత్తు చేయించే అమ్మాయి ఒక మాట చెప్పింది. మాటలు పోయినవాళ్లకు కూడా ఒక్కోసారి అంకెలు, పాటలు మిగులుతాయట, రోజూ లెక్క పెట్టించమంది. మామ ఆమె మంచం పక్కన కూర్చుని ఒకటి, రెండు, మూడు అని మొదలుపెడితే, కొన్నాళ్లకు ఆమె ముద్దగా అందుకునేది. ఐదు దాకా వచ్చేది. ఆరు దగ్గర అలిసిపోయేది.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. రాష్ట్రం వచ్చింది. ఆ వారం మా బస్తీలో రంగులు చల్లుకున్నారు, పటాకులు కాల్చారు. గనులు, మోరీలు, గోడలు అన్నీ గులాబీ రంగే. ఒక సాయంత్రం అత్త తమ్ముడు బెల్లంపల్లి నుంచి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. సంబరంగా ఉన్నాడు. కొత్త ఫోన్ కొన్నాడు, బటన్లే లేని రకం, వేలితో రాస్తే కదిలేది. వాకిట్లో అత్త మంచం వేసి ఉంది. మంచం చుట్టూ అందరం కూర్చుని చాయ్ తాగుతున్నాం. ఆయన ఆ ఫోన్ మామకు చూపిస్తూ, మనసులో ఏ పాపమూ లేకుండానే అన్నాడు.

"సూసినవా బావా? దీంట్ల నంబరు యాదికి వెట్టుకునే పనే లేదు. బొమ్మ ఒత్తితె సాలు. అప్పుడే గిసుంటిది ఉంటె మా అక్క గిట్ల మంచంల ఉండకపోవు."

మామ ఎప్పటిలాగే నవ్వబోయాడు. అప్పుడు మంచం మీది నుంచి అత్త నోరు తెరిచింది.

"తొమ్మిది" అంది. కాస్త ఆగింది. "నాలుగు. నాలుగు."

"అరె, అక్కకు మాటస్తాంది" అని ఆమె తమ్ముడు చాయ్ గ్లాసు కింద పెట్టి మంచం దగ్గరికి జరిగాడు. "లెక్క వెడుతాంది. పెట్టు అక్కా, పెట్టు."

"ఊకోయే" అన్నాడు మామ అత్తతో. "సాలు, ఊకో."

ఆమె ఊరుకోలేదు. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని, ఒక్కో అంకెనూ గొంతు లోపలి నుంచి లాగి బయటపెడుతోంది. ఆరు దగ్గర అలిసిపోయే మనిషి ఆగకుండా చెబుతోంది. రెండు గంటల పాటు ఆ చీకట్లో మొగుడి ఒడిలో తల పెట్టుకుని ఆమె విన్నది అదే. నోరు పడిపోయింది గానీ చెవులు పడిపోలేదు. నేను కొవ్వొత్తి వెలిగించినప్పుడు తెరిచి ఉన్న ఆమె కళ్లు నాకు గుర్తొచ్చాయి. ఈ నాలుగేళ్లూ తమ్ముడు అన్న ప్రతి మాటా, చుట్టాలు నవ్విన ప్రతి నవ్వూ ఆ మంచంలో పడుకుని వింటూనే ఉంది. పది అంకెలూ చెప్పి ఆపింది. ఒక్కటీ తప్పు లేదు.

"గివేం లెక్కలే?" అన్నాడు ఆమె తమ్ముడు, నవ్వుతూనే.

"లెక్క కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది ఆటో అన్న నంబరు. మామ మర్సిపోలే, ఏనాడు మర్సిపోలే. ఫోన్ల లైటు నేను బంద్ పెట్టిన. సీకట్ల ఏ బటనేదో కనవడక తప్పు కొట్టిండు, ఎన్నోసార్లు కొట్టిండు. అవన్ని నేనే సెరిపేసిన. దవాఖానల మీరు అడిగిననాడు నేను అక్కడనే ఉన్న. నోరు తెరువలే."

మా ఆయన నన్ను చూసి, లేచి, చెప్పులు వేసుకోకుండానే వాకిట్లోంచి రోడ్డు మీదికి పోయాడు. అత్త తమ్ముడు చేతిలోని ఫోన్‌ను జేబులో పెట్టుకుని, మామ వైపు ఒకసారి చూసి మిఠాయి డబ్బా మూత పెట్టాడు.

మామ మాత్రం ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తున్నాడు. పదిహేనేళ్ల కాపురంలో ఆయన కళ్లలో నా మీద కోపం చూడటం నాకు అదే మొదటిసారి.

"ఆ పేరు నేను మోసుకుంట పోతుంటి గద బిడ్డా" అన్నాడు. "నడుమ నిన్నెవలు దించుమన్నరు?"